ఓటు వేయడం తెలిస్తే చాలదు

ఆత్మకూర్: ఓటరు కార్డు చేతబట్టుకొని పోలింగు కేంద్రానికి వెళ్లి, జాబితాలో పేరు లేదని తెలిసి ఉసూరుమంటూ తిరిగివచ్చేవారు ప్రతి ఎన్నికలోనూ కనిపిస్తారు. కార్డు ఉంటే ఓటు ఉన్నట్లేనని వారి నమ్మకం. నిబంధన అది కాదు. జాబితాలో పేరు ఉంటేనే ఓటు. కార్డు మనిషిని గుర్తుపట్టడానికి మాత్రమే.

కూలికోసం హైదరాబాదు, బొంబాయి, పూనా వెళ్లే పాలమూరు జనానికి ఈ తేడా తెలియడం మరీ అవసరం. తనిఖీకి వచ్చిన రోజున ఇంటికి తాళం ఉంటే, ఊరు విడిచి వెళ్లారని పేరు తొలగిపోయే ప్రమాదం ఉంది. పండుగకు వచ్చినప్పుడే బూత్ స్థాయి అధికారి వద్ద జాబితా చూసుకొని, పేరు లేకుంటే ఫారం 6 నింపి ఇవ్వాలి. పోలింగు నాడు ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

చదువు లేనందువల్లే ఈ అవస్థ అని కొందరు అంటుంటారు. అది పూర్తిగా నిజం కాదని పొరుగున ఉన్న నల్లగొండ 1996లోనే రుజువు చేసింది. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జనం గోడు ఎవరికీ పట్టకపోవడంతో, దుశర్ల సత్యనారాయణ నాయకత్వాన జలసాధన సమితి లోక్‌సభ స్థానానికి వందలాది మందిచేత నామినేషన్లు వేయించింది. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. చివరకు గెలిచినది సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. అయినా నల్లగొండ నీటి సంగతి దేశమంతటా మారుమోగింది.

ధరావతు 500 రూపాయలేనని, 25 ఏళ్లు నిండిన ఓటరు ఎవరైనా నిలబడవచ్చునని తెలిసినందువల్లే అది సాధ్యమైంది. ఆ ఏడాదే ధరావతును 10 వేలకు పెంచారు. నేడది 25 వేలు. అంత సొమ్ము కట్టవలసి వచ్చినా 2019లో నిజామాబాదు పసుపు, ఎర్రజొన్న రైతులు ఇదే దారి పట్టారు. అక్కడ 185 మంది పోటీ చేశారు.

ఎవరిని ఏమి అడగాలో తెలియడం మరొక సంగతి. వీధి మురుగు కాలువకోసం ఎం.పి.ని నిలదీసి, వార్డు కౌన్సిలరును పలకరించకుండా వదిలేస్తే ఇద్దరూ తప్పించుకుంటారు. అభ్యర్థిపై ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రంలో తెలపాలన్నది సుప్రీంకోర్టు తీర్పుల ఫలితం. 2002లో తీర్పు వచ్చింది, 2003లో స్థిరపడింది. ఆ కాగితం ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. కాని హోటళ్ల దగ్గర అభ్యర్థి కులంపై సాగినంత చర్చ ఆ కాగితంపై సాగడం లేదు.

2013లో వచ్చిన ‘నోటా’పైనా అపోహ ఉంది. దానికి ఎక్కువ ఓట్లు పడితే ఎన్నిక రద్దవుతుందని పలువురు అనుకుంటున్నారు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో అలా జరగదు. అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు.

నోటు పంచేవానికి ఓటరు తెలివి గిట్టదు. ఓటరుకు తెలిసినకొద్దీ వాని బేరం దెబ్బతింటుంది. అందువల్ల చదువుకున్న యువకులు వచ్చే ఎన్నికలలోనైనా అభ్యర్థుల ప్రమాణపత్రాలను, ఓటర్ల జాబితాను రచ్చబండ వద్ద పైకి చదివి వినిపించాలి. చదువురాని వారికి చెవులు ఉన్నాయి. విన్నది తూచి చూసే బుద్ధీ ఉంది.