అడ్వాన్సు జోడికి.. మరి పిల్లలు ఎవరికి?

దసర, దీపావళి దాటినంక నారాయణఖేడ్ దిక్కు తండాలకు పోయి చూడుండ్రి. సగం ఇండ్లకు తాళాలుంటయ్. తాళం లేని ఇంట్ల ఒక ముసలామె, ఆమె చుట్టు ఇద్దరు ముగ్గురు పిల్లగాండ్లు ఉంటరు. పని చేసేటోళ్లంత చెరుకు కొట్టనీకి పోయిన్రు. కొందరు జహీరాబాద్, కామారెడ్డి దాక, కొందరు కర్ణాటక, మహారాష్ట్ర దాక. మళ్ల వచ్చేది ఎండలు ముదిరినంకనే.

"పిల్లల్ని ఇడిసిపెట్టి తల్లి ఎందుకు పోవాలె? మొగోడు పోతే సాలదా?" అని పట్నంల ఒక సారు నన్ను అడిగిండు. గల్ఫ్ వలసల అయితే అట్లనే నడుస్తది. జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నాయిన దుబాయ్ పోతడు, అవ్వ ఇంటికాడ ఉంటది. చెరుకుల అది కుదరదు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చేదే జోడికి. ఒకరు నరకాలె, ఇంకొకరు మోపు కట్టాలె. ఆలుమగలిద్దరు కలిస్తెనే ఒక లెక్క. ఆ పైసలు వానకాలమే విత్తనాలకో, దవాఖానకో, పెండ్లికో అయిపోతయ్. లారీ వచ్చేనాటికి మిగిలేది అప్పే. పోనంటె నడవది.

ఇగ లారీ వచ్చే ముందు రాత్రి ఇంట్ల పంచాయితి. ఎవర్ని తోల్కపోవాలె, ఎవర్ని ఇడిసిపోవాలె? నేను చూసిన ఇండ్లల్ల లెక్క దాదాపు ఒక్క తీరే. పాలు తాగే బిడ్డ తల్లితోని పోవాలె. ఆ బిడ్డను ఎత్తుకోనీకి ఎనిమిదేండ్ల అక్క పోవాలె. మొగపిల్లగాడు నాయినమ్మ కాడ ఉండి బడికి పోతడు. అక్క బడి మాత్రం ఎవరు మాన్పియ్యకుండనే బంద్ అయితది.

ఇంటికాడ ఉన్నోనికి సుఖమా అంటె, అదీ లేదు. ముసలామెకు ఆసరా పింఛన్ 2019ల పెంచినంక 2,016 రూపాయలు. అండ్లనే ఆమె గోలీలు, పిల్లల సబ్బులు, నోటుబుక్కులు. పగటన్నం బడిల దొరుకుతది, సంక్రాంతి సెలవులొస్తె అదీ ఉండది. రాత్రి జరమొస్తె దవాఖానకు తీస్కపోయేటోళ్లు లేరు. నాలుగో తరగతి పిల్లగాడొకడు నాతోని అన్నడు: "మా యాడి గొంతు ఫోన్ల వేరే ఉంటది సార్." ఏం చెప్పాల్నో నాకు తోచలే.

సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ అని ఒకటున్నది. అవ్వనాయిన వచ్చేదాక పిల్లలు ఊర్లెనే తిని, పండి, చదువుకోవచ్చు. అక్క కూడ ఉండొచ్చు. కని మా దిక్కు ఒక యేడు ఏమైందంటె, లారీ దీపావళికి వచ్చింది, మంజూరు కాగితం సంక్రాంతికి వచ్చింది. అప్పటికే పిల్లలు చెరుకు తోటలల్ల ఉన్నరు.

ఇంకోటి యాదికుంచుకోండ్రి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏండ్ల పిల్లను వయసుకు తగ్గ తరగతిల చేర్చుకోవాలె. టీసీ లేదని ఎల్లగొట్టొద్దు.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, మేస్త్రి ఎవరెవరికి అడ్వాన్సు ఇచ్చిండో వానకాలంలనే తండా అంతకు తెలుస్తది. ఆ జోడీల పిల్లల పేర్లు, తరగతులు కాగితం మీద రాసి ఆగస్టులనే హెడ్‌మాస్టర్‌కు, ఎంఈఓకు ఇయ్యుండ్రి. ఆడపిల్లల పేర్లు ముందుగాల రాయుండ్రి. కాగితం ముట్టినట్టు సంతకం పెట్టించుకోండ్రి.