ఎస్సార్పీ ఎవరి మాట వింటుంది?

అశోక్ చౌక్, విడి ఘర్కుల్ వైపు మగ్గాల చప్పుడు మొదలుకాకముందే రోడ్డు మీద పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. ఎందుకని అడిగితే "ఎస్సార్పీ భర్తీకి" అంటారు. రాష్ట్ర రిజర్వు పోలీసు దళం పదో గ్రూపు మన సోరెగావ్‌లోనే ఉంది కదా! చద్దర్లు నేసే తండ్రికీ, బీడీలు చుట్టే తల్లికీ అది కళ్లెదుట కనబడే సర్కారు నౌకరీ.

పన్నెండో తరగతి, 168 సెంటీమీటర్ల ఎత్తు, 5 కిలోమీటర్ల పరుగు: ఇవన్నీ పిల్లలకు కంఠతా వచ్చు. మన తెలుగు మీడియం పిల్లలకు కష్టమయ్యేది రాతపరీక్ష. అది మరాఠీలో ఉంటుంది, మరాఠీ వ్యాకరణమూ అడుగుతారు. ఎనిమిదో తరగతి నుంచే ఆ వ్యాకరణం గట్టిగా చెప్పమని ఉపాధ్యాయులను కోరుతున్నాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎస్సార్పీ సైన్యం కాదు, చౌకీ పోలీసూ కాదు. కేసుల దర్యాప్తు దాని పని కాదు. ఎన్నికలకు, పండుగలకు, అల్లర్లకు స్థానిక పోలీసులు చాలనప్పుడు కంపెనీలుగా వస్తుంది. 1951 నాటి బొంబాయి చట్టం దానికి ఆధారం. రాష్ట్ర హోంశాఖ కింద ఉంటుంది కాబట్టి దాని పనికి మంత్రి శాసనసభలో జవాబు చెప్పాలి.

అంతర్గత దళం ఎవరి కింద ఉందన్నది చిన్న సంగతి కాదు. సోవియట్ రష్యాలోనూ హోంశాఖ కింద ఇలాంటి దళాలే ఉండేవి. 1989 ఏప్రిల్ 9న జార్జియా రాజధాని తిబిలిసిలో సైన్యంతో కలిసి అవి ప్రదర్శకుల మీద పడ్డాయి. సుమారు ఇరవై మంది చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలే. 1991లో సోవియట్ దేశం విడిపోయాక ఎవరి దళం వారిదైంది. ఉక్రెయిన్, కజకిస్తాన్ 2014లో వాటిని నేషనల్ గార్డుగా మార్చాయి. బెలారస్‌లో పాత పేరే ఉంది. రష్యా 2016లో వాటిని హోంశాఖ నుంచి తీసి నేరుగా అధ్యక్షుడి కింద పెట్టింది. మాకు పేర్ల మార్పు కన్నా ఈ చివరిదే పెద్ద మార్పుగా తోస్తుంది.

మన ఊరికీ ఇది కొత్త కాదు. 1930 మేలో షోలాపూర్‌లో సైనిక శాసనం పెట్టారు. వీధుల్లో నిలిచిన ఆ సిపాయిలు ఊరివాళ్లకు జవాబు చెప్పనక్కరలేదు. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరితీయబడ్డ ధన్‌శెట్టి, శార్దా, శిందే, కుర్బాన్ హుసేన్ విగ్రహాల ముందునుంచి మన పిల్లలు రోజూ వెళ్తుంటారు.

ఆ చౌక్‌కు తీసుకెళ్లినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలను అడగండి: దళాన్ని పిలిచేది ఎవరు, వెనక్కి పంపేది ఎవరు? ఇప్పుడు పరుగు తీస్తున్నవాడే రేపు లాఠీ పట్టుకుని కన్నా చౌక్‌లో బందోబస్తుకు నిలబడవచ్చు.