సిస్టరు ఏ పని ఎవరి చేతికిస్తుంది?

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మనలో చాలామందికి వచ్చే కోపం ఒకటుంది. దుప్పటి మార్చడానికి ఆయా వస్తుంది, జ్వరం చూడడానికి ట్రైనింగు పిల్ల వస్తుంది, ఒళ్ళు తుడవడం, తినిపించడం మన వంతు. సిస్టరేమో బల్ల దగ్గర కాగితాలు వ్రాసుకుంటూ కనిపిస్తుంది. "అన్నీ మనమే చేస్తే ఈవిడ చేసేదేముంది?" అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఆ మాటకు సిగ్గుపడే రోజు వచ్చింది గనుకనే ఈ పూట మీకు చెబుతున్నాను.

మా అత్తగారికి పక్షవాతం వస్తే ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పమని, మూత్రం సంచీ నిండితే చెప్పమని సిస్టరు నాకు పురమాయించింది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది. "అమ్మా, నేను చూసి చెప్పేదాకా నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయకండి" అని. మనిషిని ఎత్తి తిప్పే పని నాకిచ్చి, చెంచాడు నీళ్ళు పోయడం నాకు చేతకాదంటుందేమిటి, అని నా ఉక్రోషం. సాయంత్రం ఆవిడ కాఫీ కోసం సైగలు చేస్తుంటే మనసాగక రెండు చెంచాలు పోశాను. అంతే, పొలమారింది. ముఖం నల్లబడి ఊపిరి అందలేదు. సిస్టరు పరుగున వచ్చి, పక్కకు తిప్పి, మిషనుతో గొంతులోది లాగేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మర్నాడు తీరిక చూసుకుని ఆవిడే చెప్పింది. పక్షవాతంలో కాలూ చెయ్యే కాదు, మింగే శక్తి కూడా దెబ్బ తినవచ్చునట. అప్పుడు తాగింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాకు దారి తీస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు, పక్కనున్నవాళ్ళకు తెలియనే తెలియదు. అందుకని మొదటి చెంచా తనే పోసి, గొంతు కదలిక చూసి, మాట గరగరలాడుతోందేమో విని, పరవాలేదనుకుంటేనే ఆ చెంచా మన చేతికిస్తుంది.

పని చిన్నదా పెద్దదా అన్నది కాదన్నమాట లెక్క. చేస్తూండగా తేడా వస్తే కనిపెట్టి, అప్పటికప్పుడు ఏం చేయాలో తేల్చవలసిన పని అయితే అది నర్సే చేయాలి. ఎప్పుడు చేసినా ఒకే తీరున సాగేదైతే మరొకరికివ్వచ్చు. మన ఆవకాయ చూడండి. ముక్కలు కొట్టడం ఎవరికైనా ఇస్తాం. ఉప్పు పాళ్ళు మాత్రం మన చేత్తోనే వేస్తాం. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పదిహేను నిమిషాలు సిస్టరు మంచం దగ్గరే ఉండడం అందుకే. పడకపోతే చలి, ఆయాసం సాధారణంగా ఆ కాసేపట్లోనే బయటపడతాయి.

సిస్టరంటే మూడేళ్ళ జి.ఎన్.ఎం. కోర్సో, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగో చదివి, నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకున్న మనిషి. ఆయాకు ఆ నమోదు ఉండదు. జ్వరం ఆయా చూసినా, నూట మూడంటే ఈ పేషెంటుకు ఏమిటర్థమో తేల్చవలసింది సిస్టరే. పని అప్పజెప్పినా జవాబుదారీ తన దగ్గరే ఉంటుంది. ఆ కాగితాల మీద వ్రాసేది చాలావరకు అదే.

ఆ సిస్టరు అంతకుముందు భద్రాచలం అవతల, చర్ల వైపు అడవి పల్లెల్లో పని చేసి వచ్చిందట. వానాకాలం వాగులు పొంగితే పల్లెకు దారి ఉండదు. అక్కడ మలేరియా పాత చుట్టం. వేలి నుంచి రక్తపు చుక్క తీసి కిట్టు మీద వేసి మలేరియా ఉందో లేదో చూసే పని అక్కడ ఆశా కార్యకర్తలకు నేర్పారు. 2005లో మొదలైన ఆశా పథకంలో పల్లె మనిషినే ఎంచుకుంటారు. కోయ భాష తెలిసిన పిల్లయితే ఇంటివాళ్ళు భయం లేకుండా చెప్పుకుంటారు. పరీక్షలో జబ్బు తేలితే మాత్రలు కూడా ఆమే ఇస్తుంది. కాని జ్వరం వచ్చింది గర్భిణికో, చంటిబిడ్డకో అయితే ఆమె అక్కడితో ఆగి పైకి పంపించాలి. ప్రైమాక్విన్ మాత్ర వాళ్ళకు పనికిరాదు. అదే జ్వరం, అదే కిట్టు, మనిషి మారేసరికి పని చేతులు మారింది.

గోదావరి ఎగువన మన సరిహద్దు జిల్లా గడ్చిరోలిలో ఇంకో అడుగు ముందుకు వేశారు. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకు పసికందుల్ని తూచడం, ఒళ్ళు చల్లబడిందేమో చూడడం, చీము జబ్బు సోకితే ఇంజక్షను ఇవ్వడం కూడా నేర్పారు. పట్నంలో ఆయాకు సూది ఇస్తే ఊరుకుంటామా? అక్కడ సూది వేసే చెయ్యి లేకపోతే బిడ్డే దక్కదు. ఆ పల్లెల్లో పురిటి బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వ్రాశారు. అలాగని ఊరికే సూది చేతికిచ్చి వదిలెయ్యలేదు. నేర్పారు, చేయించి చూశారు, మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసుకున్నారు.

ఇక మన సంగతి. మన ఆసుపత్రుల్లో సిస్టరు పని అందుకునేది ఎక్కువగా మనమే, అంటే ఇంటి ఆడవాళ్ళమే. ఇచ్చిన పని ఎలా చేయాలో ఒకసారి చేసి చూపించమనండి. ఏం కనిపిస్తే పిలవాలో అడగండి. మొహమాటపడకండి. సెలైను చక్రం తిప్పడం, ఆక్సిజను మాస్కు తీయడం మాత్రం ఎవరు పక్క మంచం నుంచి సలహా ఇచ్చినా చేయకండి.

మూడో రోజున మా అత్తగారిని నిటారుగా కూర్చోబెట్టి సిస్టరే మొదటి చెంచా పోసింది. నీళ్ళు కాదు, చిక్కటి జావ. పల్చటిదే ఎక్కువ పొలమారుతుందట. తరువాత చెంచా నా చేతికిచ్చింది. నాలుగు చెంచాలు దిగేదాకా గుమ్మం దగ్గర నిలబడి చూసి, వెళ్ళి కాగితం మీద వ్రాసుకుంది.