తల్లి చెవిలో మాట

పసిపిల్లల మొండితనానికి చికిత్స తల్లిదండ్రుల శిక్షణతోనే మొదలవ్వాలన్న అవగాహన అమెరికాలో 1960, 70 దశకాల్లో బలపడింది. అంతకుముందు, 1928లో, అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ పిల్లల్ని ముద్దుచేయొద్దని, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని తల్లులకు పుస్తకం రాసి మరీ చెప్పాడు. ప్రవర్తనకు కారణాలను పరిసరాల్లో వెతకడం వరకు ఆయన దారి సరైనదే. కానీ ఆప్యాయతను చెడు అలవాటుగా లెక్కించడం ఘోరమైన పొరపాటు.

మొండితనం ఎలా ముదురుతుందో ఒరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ కుటుంబాలను ఇళ్లలోనే గమనించి విప్పిచెప్పాడు. తల్లి బొమ్మలు సర్దమంటుంది. పిల్లవాడు కేకలు పెడతాడు. ఆమె విసిగి ఊరుకుంటుంది. కేకలేస్తే పని తప్పుతుందని వాడికి తెలిసిపోతుంది, వదిలేస్తే గోల ఆగుతుందని ఆమెకూ అలవాటవుతుంది. మరోరోజు ఆమె అంతకన్నా గట్టిగా అరుస్తుంది, వాడు లొంగుతాడు. ఈసారి అరుపు పనిచేస్తుందని ఆమె నేర్చుకుంటుంది. ఇద్దరికీ దక్కే బహుమతి ఒకటే, ఇబ్బంది ఆగిపోవడం. ఎవరూ కోరుకోకుండానే ఇద్దరి గొంతులూ రోజురోజుకీ పెరుగుతాయి. ఇదంతా క్షణాల్లో జరిగేది. పిల్లల పెంపకంపై ఎప్పుడో విన్న ఉపన్యాసం ఆ క్షణంలో గుర్తుకురాదు.

సరిగ్గా ఆ క్షణంలోనే సాయం అందించడం, మనస్తత్వవేత్త షీలా ఐబర్గ్ 1970లలో రూపొందించిన చికిత్సలోని అద్భుతం. తల్లీబిడ్డా గదిలో ఆడుకుంటారు. ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నిపుణురాలు కూర్చుని, తల్లి చెవిలోని ఇయర్‌ఫోన్‌లో అప్పటికప్పుడు చెబుతుంది. మొదటి దశలో ఆట నడిపేది బిడ్డే. 5 నిమిషాల్లో తల్లి 10 మెచ్చుకోళ్లు చెప్పాలి, బిడ్డ మాటను 10 సార్లు తిరిగి అనాలి, వాడు చేస్తున్న పనిని 10 సార్లు చెప్పాలి. ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు అన్నీ కలిపి 3కు మించకూడదు. ఉత్త ‘బాగుంది’ చాలదు, ‘బొమ్మను నెమ్మదిగా పెట్టావు, చాలా బాగుంది’ అనాలి. ఇది వంటబట్టాకే రెండో దశ: స్పష్టంగా ఒక్క ఆజ్ఞ ఇవ్వడం, దానిమీదే నిలబడడం.

పిల్లల్ని హింసించిన 110 మంది తల్లిదండ్రులపై మార్క్ చాఫిన్ బృందం చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. ఈ శిక్షణ పొందినవారిలో 19 శాతం మందిపై మళ్లీ ఫిర్యాదు వచ్చింది. మామూలు బృంద తరగతులకు వెళ్లినవారిలో అది 49 శాతం. 2008లో 77 అధ్యయనాలను కలిపి చూసినప్పుడూ, సొంత బిడ్డతో అక్కడికక్కడే సాధన చేయించిన కార్యక్రమాలే ఎక్కువ ఫలితమిచ్చాయని తేలింది. బిడ్డ దిగులును, కోపాన్ని గుర్తించి ఊరడించడం కూడా ఇదే పద్ధతిలో తల్లికి నేర్పి, జోన్ లూబీ బృందం పసిపిల్లల కుంగుబాటును తగ్గించగలిగింది.

అయినా చాలాచోట్ల తల్లిదండ్రుల చేతికొచ్చేది ఒక కరపత్రమే. అద్దాల గది ఖరీదన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. ఇంట్లో కెమెరా, చెవిలో బ్లూటూత్ పెట్టుకుని వీడియో ద్వారా శిక్షణ పొందే పద్ధతిని అమెరికాలో ఇప్పటికే పరీక్షించారు.