ఓడినా విడిచి వెళ్లని జనం

పరాయి దేశంలో కాపురం పెట్టినవారికి భాష రాకపోవడం ఒక కష్టమైతే, ఇరుగుపొరుగు తెలియకపోవడం అంతకంటె పెద్ద కష్టం. బెర్లిన్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలను చూడండి. వారమంతా ఆఫీసు, శనివారం బజారు, ఆదివారం ఆరాధన, సాయంత్రం ఇంటికి ఫోను. ఇలాగే ఏళ్లు గడిచిపోతాయి. ఊరి మనుషులు ఎక్కడ మనసు విప్పుతారో తెలుసుకోవాలంటే ఒక్కసారి అక్కడి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లిరావాలి.

బెర్లిన్ ఆగ్నేయ దిక్కున క్యోపెనిక్ అనే పేట ఉంది. యూనియన్ బెర్లిన్ క్లబ్బు అక్కడిదే. రైలు దిగి జనం వెంట నడిస్తే చాలు, దారి అడగనక్కర్లేదు. ముసలివారు, తల్లులు, తండ్రుల భుజాలపైన పసివారు, అందరి మెడలోనూ ఎరుపు తెలుపు మఫ్లర్లే. అడవి అంచున స్టేడియం కనిపిస్తుంది. సుమారు 22 వేల మంది పట్టే ఆ మైదానంలో కుర్చీలు నాలుగు వేలు కూడా లేవు. మిగిలినవారంతా ఆట ముగిసేదాకా నిలబడవలసిందే. ఒక పక్క చిన్న ఇంటిలాంటి కట్టడంలో స్కోరు అంకెలను నేటికీ మనుషులే చేత్తో మారుస్తారు.

ఆటగాళ్ల పేర్లు చదువుతుంటే జనం ఒక్కొక్క పేరు వెనుక 'ఫుట్‌బాల్ దేవుడు' అని కేక వేస్తారు. మన చెవికి అది ఎబ్బెట్టుగానే ఉంటుంది. కాని అందులో భక్తి కంటె పరిహాసమూ, మమకారమూ ఎక్కువ. ఇక్కడి అభిమానులకు రెండు కట్టుబాట్లున్నాయి. తమ ఆటగాళ్లను ఈల వేసి అవమానించరాదు. చివరి విజిలు మోగకుండా మైదానం విడిచిపోరాదు.

ఈ కట్టుబాట్లు ఊరికే పుట్టలేదు. 1966లో తూర్పు జర్మనీలో ఏర్పడిన ఈ క్లబ్బుకు లోహపు కార్ఖానాల కార్మికులే అండ. రహస్య పోలీసుల ప్రాపకం ఉన్న డైనమో క్లబ్బు ఏటేటా గెలుస్తున్న రోజులలో వీరు ఓటములను ఓర్చుకుంటూ వచ్చారు. 2004లో డబ్బు లేక క్లబ్బు మూతపడే స్థితి వస్తే, అభిమానులు రక్తదానం చేసి, అందుకు వచ్చిన సొమ్మును క్లబ్బుకిచ్చారు. 2008లో పాత స్టేడియం పనికిరాదని తేలినప్పుడు రెండు వేల మందికి పైగా కూలి తీసుకోకుండా పనిచేశారు. మొత్తం సుమారు 1,40,000 గంటలు శ్రమించి, 2009 నాటికి దానిని తిరిగి కట్టారు. అలా కట్టినవారి జ్ఞాపకార్థం స్టేడియం దగ్గర పెద్ద ఎర్ర హెల్మెట్టు గుర్తును నిలిపి, వారి పేర్లు చెక్కించారు. నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయంలో గోడ కట్టినవారి పేర్లు వరుసగా చదివిన మనకు ఇది వింతగా తోచదు.

2019లో ఈ క్లబ్బు మొదటిసారి పెద్ద లీగుకు చేరింది. ఆగస్టు 18న జరిగిన తొలి ఆటకు అభిమానులు నాలుగు వందలకు పైగా ఫోటోలు తెచ్చి పైకెత్తి పట్టుకున్నారు. ఆ రోజు కోసం జీవితమంతా ఎదురుచూసి, చూడకుండానే కన్నుమూసిన తండ్రుల, తాతల, స్నేహితుల ఫోటోలవి. ఆ ఆటలో లైప్‌జిగ్ జట్టు నాలుగు గోల్స్ కొట్టింది, యూనియన్‌కు ఒక్కటీ రాలేదు. అయినా ఆ దినాన్ని అక్కడివారు ఓటమిగా తలచుకోరు.

క్రిస్మస్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2003 డిసెంబరులో జట్టు వరుసగా ఓడుతూ, అభిమానులు ఒకరికొకరు శుభాకాంక్షలైనా చెప్పుకోకుండా ఇళ్లకు వెళ్లిపోతున్న సమయంలో, 89 మంది చీకటి పడ్డాక అదే మైదానంలో చేరి క్రిస్మస్ పాటలు పాడుకున్నారు. తరువాత అదే ఆనవాయితీ అయింది. కొన్నేళ్లకు వేలాదిమంది కొవ్వొత్తులు పట్టుకుని రాసాగారు. పాదిరిగారు రక్షకుని జనన వృత్తాంతం చదువుతారు. ఎన్నడూ గుడిమెట్లు ఎక్కనివారు సైతం ఆ కథను నిశ్శబ్దంగా వింటారు.

కనుక విదేశంలో ఉన్న సోదర సోదరీలారా, ఆట తెలియదని వెనుకాడవద్దు. టిక్కెట్లు ముందు సభ్యులకే దొరుకుతాయి కాబట్టి ఆఫీసులో తోటివారిని అడగండి. అడగడమే స్నేహానికి మొదలు. పిల్లలను తీసుకువెళ్లండి. జట్టు ఓడుతున్నప్పుడు పక్కన నిలబడ్డవారి ముఖాలు వారికి చూపించండి. గెలిచేవారి వెంట నడవడం లోకం వారికి ఎలాగూ నేర్పుతుంది. ఓడేవారిని విడువకుండా నిలబడడం మాత్రం కళ్లారా చూస్తేనే అబ్బుతుంది.