వసతిగృహాలలో పిడెరస్ చర్మశోథ: కుట్టని పురుగు చేసే గాయం

వర్షాకాలంలో ఒకే వసతిగృహానికి చెందిన పదులమంది విద్యార్థులకు మెడ మీద, ముఖం మీద ఎర్రని చారలు తేలి, మంటతో పొక్కులుగా మారడం మన దేశంలో కొత్త విషయం కాదు. 2022 జూలైలో సిక్కింలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో సుమారు వందమంది విద్యార్థులు ఈ బాధకు గురైనప్పుడు పత్రికలు దానికి కారణమైన కీటకాన్ని ‘నైరోబీ ఈగ’ అని పేర్కొన్నాయి. నిజానికి అది ఈగ కాదు. స్టెఫిలినిడే కుటుంబంలోని పిడెరస్ ప్రజాతికి చెందిన పెంకుపురుగు. పొడవు సుమారు 7 నుండి 10 మిల్లీమీటర్లు. నలుపు, నారింజ రంగుల పట్టీలు, పొట్టి ముందురెక్కలు ఉండడంవల్ల పెద్ద చీమ అని భ్రమ కలిగిస్తుంది.

‘పురుగు కుట్టింది’ అన్న వాడుకమాటే ఇక్కడ దారి తప్పిస్తున్నది. ఈ పురుగు కుట్టదు, కరవదు. దాని శరీరద్రవంలోని పెడెరిన్ అనే విషం, పురుగును చర్మం మీద నలిపినప్పుడు బయటపడుతుంది. అనగా గాయానికి తక్షణ కారణం బాధితుని చేయే. ఈ విషాన్ని తయారుచేసేది కూడా పురుగు కాదు, దానిలో సహజీవనం చేసే బాక్టీరియా. పెడెరిన్ కణాలలో ప్రోటీన్ల తయారీని అడ్డుకుంటుంది. దాని ప్రభావం సాధారణంగా ఒకటి రెండు రోజులకు గాని కనిపించదు కనుక, నిద్రలో నలిపిన పురుగు ఎవరికీ గుర్తుండదు. చేయి సాగిన దారిలోనే చార ఏర్పడుతుంది. మోచేతి మడతలోనైతే తాకుకునే రెండు వైపులా ఒకే ఆకృతి అచ్చుపడుతుంది.

తెలుగునాట ఇటువంటి పొక్కులను చూడగానే అక్కి అనుకోవడం సహజం. అయితే అక్కి ఒక నాడి పరిధిలో, శరీరానికి ఒక పక్కనే వస్తుంది. ఒకే వారంలో వసతిగృహమంతటా కనిపించదు. గజ్జి వేళ్ల సందుల్లో చేరి, రాత్రివేళ దురద పెడుతూ, ఒకరి నుండి ఒకరికి సోకుతుంది. పిడెరస్ గాయంలో దురదకంటె మంట ఎక్కువ. అది అంటువ్యాధి కాదు. ఈ భేదం తెలియకనే బాధితుణ్ణి గదినుండి వేరుచేయడం, అపరిశుభ్రుడని నిందించడం జరుగుతున్నది.

నివారణకు పురుగుమందే మార్గమని భావించడం తొందరపాటు. తేమనేలల్లో, వరిచేలల్లో నివసించే ఈ కీటకం సుడిదోమ వంటి పైరు పురుగులను తిని రైతుకు మేలుచేస్తుంది. రాత్రివేళ దానిని గదిలోకి రప్పించేది ట్యూబులైటు వెలుగు. పొలాల నడుమ కట్టిన కళాశాలలలో అర్ధరాత్రి దాకా కిటికీలు తెరచి, దీపం కిందనే మంచం వేసుకుని చదివే అలవాటును ముందుగా పరిశీలించవలసి ఉన్నది. కిటికీలకు సన్నని జాలీ, మంచాలకు దోమతెర, పడుకునేముందు దీపం ఆర్పడం మొదట చేయదగిన పనులు. ఒంటిమీద పురుగు కనబడితే ఊది దులపాలి, లేదా కాగితం మీదికి ఎక్కించి తీసివేయాలి. నలిగితే వెంటనే సబ్బునీటితో కడగాలి. చేతులు కడుగుకోకముందు కళ్లు తాకరాదు. విషం కంటికి చేరితే తీవ్రమైన వాపు వస్తుంది, అప్పుడు నేత్రవైద్యుని వద్దకు వెళ్లడంలో ఆలస్యం కూడదు.