బుడగలు తోమిన బిళ్ళలు

మా కురుగోడులో పండగపూట నలుగురూ చేరి రమ్మీ ఆడితే లెక్కకు చింతపిక్కలే. డబ్బు ఊసుండదు. ఓసారి దీపావళికి డల్లాస్ నుంచి వచ్చిన మా చిన్నాన్న కొడుకు ఆ పిక్కల డబ్బా పక్కన పెట్టించి, సూట్‌కేసులోంచి ఓ బరువైన పెట్టె తీశాడు. ఒకప్పుడు కేసినోలో వాడిన పోకర్ బిళ్ళలట, అక్కడ పాత సామాన్లమ్మే చోట కొన్నాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నాడు గానీ చూడబోతే అన్నీ ఒకే మట్టిరంగు. పట్టుకుంటే వేళ్ళకు జిడ్డు.

ఈ బిళ్ళలు ఒక్కోటి సుమారు 39 మిల్లీమీటర్ల వెడల్పు, తొమ్మిది పది గ్రాముల బరువు ఉంటాయి. 'క్లే' బిళ్ళలంటారు గానీ కుమ్మరి మట్టి కాదు. ఖనిజాల పొడులకు బంక పదార్థం కలిపి, అచ్చులో పెట్టి, వేడి మీద నొక్కి చేస్తారు. ముఖం మీద జారకుండా సన్నటి గళ్ళ గీతలుంటాయి. ఎందరి చేతుల చెమటో, నూనో, బల్లమీద గుడ్డ నూగో ఆ గీతల్లో చేరి గట్టిపడిపోతుంది. బ్రష్‌తో రుద్దితే పైపై మురికి పోతుంది, లోపలిది కదలదు. ఇంకా గట్టిగా రుద్దామా, గీతలే అరుగుతాయి.

బళ్ళారిలో కళ్ళద్దాల షాపు నడిపే మిత్రుడు తన అల్ట్రాసోనిక్ మెషిన్ రెండు రోజులకు ఇచ్చాడు. నగల కొట్లలో, పళ్ళ డాక్టర్ల దగ్గర మీరూ చూసే ఉంటారు: స్టీలు తొట్టి, లోపల జల్లెడ బుట్ట, మీట నొక్కగానే గుయ్యిమనే చప్పుడు. నిజానికి పనిచేసే చప్పుడు మనకు వినబడదు. మన చెవి సెకనుకు 20 వేల కంపనాల వరకే అందుకుంటుంది. ఈ తొట్టి అడుగున అతికించిన పింగాణీ లాంటి బిళ్ళలు సాధారణంగా 40 వేల సార్లు కంపిస్తాయి. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. దాన్నే తిరగేసి, విద్యుత్తు ఇచ్చి కంపనం పుట్టిస్తున్నాం.

ఆ కంపనం నీళ్ళను క్షణంలో నొక్కుతుంది, మరుక్షణం లాగుతుంది. లాగినప్పుడు కంటికి ఆనని బుడగలు పుడతాయి. నొక్కినప్పుడు అవి లోపలికి కూలిపోతాయి. కూలే బుడగ లోపల వేడి వేల డిగ్రీలకు పోతుంది, అదీ సెకనులో పది లక్షో వంతు కూడా ఉండదు. కాబట్టి తొట్టిలో నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి. వస్తువు పక్కన కూలిన బుడగ మాత్రం దాని మీదికి సన్నటి నీటి సూదిని విసురుతుంది. బ్రష్ వెంట్రుక దూరని గీతలోకి ఆ సూది దూరుతుంది.

ఈ సంగతి మనిషి మొదట నష్టంగానే చూశాడు. 1890ల్లో బ్రిటిష్ ఓడల ప్రొపెల్లర్లు వేగం పెంచేకొద్దీ నీటిలో బుడగలు పుట్టి పట్టు తప్పాయి. తర్వాత ప్రొపెల్లర్ రేకులకు గుంటలు పడటం గమనించారు. బుడగ కూలేటప్పటి ఒత్తిడి లెక్కను 1917లో లార్డ్ రేలీ కట్టి చూపాడు. తుంగభద్ర నీళ్ళతో బతికే మాకు ఇది దూరపు కథ కాదు. ఏ జలవిద్యుత్ కేంద్రంలోనైనా టర్బైన్ రెక్కలకు ఈ బుడగల కాటు భయం ఉంటుంది.

ముందు ఒక పరీక్ష చేశాం. వంటింటి అల్యూమినియం రేకు ముక్కను నీళ్ళలో నిలువుగా వేలాడదీసి మెషిన్ వేశాం. నిమిషం పైచిలుకు తర్వాత తీసి దీపానికి అడ్డం పెడితే, సూదితో పొడిచినట్టు చిల్లులు. ఆ రేకును చూశాకే నాకు బుడగల మీద నమ్మకమూ భయమూ కలిగాయి. నడుస్తుండగా తొట్టిలో వేలు పెట్టకూడదని పిల్లలకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

కొత్త నీళ్ళలో కరిగిన గాలి ఉంటే దెబ్బ మెత్తబడుతుంది. అందుకే ఖాళీగా పది నిమిషాలు తిప్పాం. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేశాం. కుంకుడు రసంలో నగలు నానబెట్టే మా నాయనమ్మకు ఆ కిటుకు ఎప్పుడో తెలుసు: కుంకుడులోని సపోనిన్ నీటిని పలుచగా పరచి సందుల్లోకి దింపుతుంది, సబ్బు చేసే పనీ అదే. నీళ్ళు వేడిగా వద్దనుకున్నాం. ఈ బిళ్ళలు వేడికి వంగుతాయి. ఒకదానికొకటి తగలకుండా బుట్టలో అంచుల మీద నిలబెట్టి, రంగు రంగుకూ విడిగా, రెండేసి నిమిషాలు.

మీట నొక్కగానే ఒక్కో బిళ్ళ ముఖం నుంచి పొగ లేచినట్టు గోధుమరంగు మురికి జారింది. మూడో విడతకు తొట్టి నీళ్ళు చిక్కటి టీ. బిళ్ళలు కడిగి తుడిస్తే ఎరుపు ఎరుపై వచ్చింది, గళ్ళ గీతలు వేలికి గరగర తగిలాయి. ఆరాక తెల్లబారినవాటికి ఒక్క చుక్క బేబీ ఆయిల్ రాసి తుడిస్తే రంగు నిలబడింది. పాత కేసినో బిళ్ళల్లో కొన్నింటికి బరువు కోసం సీసం కలిపేవారు. అందుకని వంటపాత్రలు దగ్గరికి రానివ్వలేదు, చేతులు సబ్బుతో కడుక్కున్నాం.

ఒక తప్పూ చేశాం. బంగారు అక్షరాలు అద్దిన నాలుగు బిళ్ళల్ని మిగతావాటితో పాటే వేశాం. అక్షరాలు సగం లేచిపోయాయి. బుడగకు మురికేదో అక్షరమేదో తెలియదు. పట్టు వదులుగా ఉన్నదాన్ని ఊడబెరకడమే దాని పని. నడుమ కాగితం అతికించిన బిళ్ళలైతే ముందు ఒక్కటి వేసి చూడాలి.

బిళ్ళలు పోతే పోయాయి. మా అమ్మ పచ్చ ఉంగరం అలా పాడైందన్నదే నా బాధ. చాలా ఏళ్ళ కిందట ఒక కొట్లో మెరుగు కోసం ఇస్తే మెషిన్‌లో వేశారు. పచ్చరాళ్ళలో సహజంగా పగుళ్ళుంటాయి, అవి కనబడకుండా నూనె పట్టిస్తారు. ఆ నూనె కొట్టుకుపోయి రాయి తెల్లటి గీతలతో తిరిగొచ్చింది. ముత్యాలకూ పగడాలకూ కూడా ఈ మెషిన్ గండమే. లోపల లక్క నింపిన నగలూ ఇందులో పడకూడదు. బంగారు గొలుసుకూ, పగుళ్ళు లేని వజ్రానికీ మాత్రం ఇంతకంటే మంచి స్నానం లేదు.

ఈసారి గుట్టపూసల హారం శుభ్రానికి ఇస్తే, కౌంటరు మీద పెట్టేటప్పుడే 'ఇందులో ముత్యాలున్నాయి, మెషిన్‌లో వేయకండి' అని నోరు తెరిచి చెప్పండి.